కూలితే చప్పట్లు

మా అక్కకు కోపం వస్తే నోరు మూతపడి చేతులు లేస్తాయి. ఎవరినీ కొట్టడానికి కాదు. ఎదురుగా ఏ అట్టముక్క కనిపిస్తే దాన్ని తీసుకుని పెట్టెగా మడిచేస్తుంది. చిన్న కోపానికి అగ్గిపెట్టెంత, పెద్ద కోపానికి పెద్దది. ఆ ఆదివారం లైబ్రరీ నుంచి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో కూర్చుని, కాళ్ళు ముడుచుకుంటే నేను పట్టేంత పెట్టె చేసింది. సంగతి గట్టిదేనని అర్థమై, అడక్కుండా టీ పెట్టాను.

సగం టీ తాగాక నోరు విప్పింది. "వంతెన మీద నడుస్తానని చెప్పొచ్చాను."

"ఏ వంతెన?"

"అట్ట వంతెన. పిల్లలు కడతారు."

"దాని మీద నడిచేదెవరు?"

"నేనే."

నేను అక్కను తల నుంచి కాళ్ళ దాకా చూశాను. చూడటానికి అక్కడ చాలానే ఉంది. మా అక్క కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడదు. దానికి తోడు ఎడమ మోకాలొకటి. రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద అలిగి కూర్చుంటుంది. ఈ మనిషి అట్ట మీద నడుస్తుందట.

"నడవలేకపోతే?" అన్నాను.

"హాలు తాళం చెవి లైబ్రరీ కమిటీ అధ్యక్షుడుగారి చేతిలో పెట్టేసి వస్తాను. అదీ చెప్పేశాను."

ఆ హాలు లేకుండా మా అక్క ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

మా అక్క బతుకంతా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో గడిచింది. నేనూ తమ్ముడూ చదువుకున్నది ఆ పెట్టెల మీదే. ఎవరింటికైనా కొత్త ఫ్రిజ్ వచ్చిందంటే మేమంతా ఫ్రిజ్ తలుపు తీసి చూస్తాం. అక్క మాత్రం బయట పారేసిన పెట్టె దగ్గర నిలబడి, అంచులు తడిమి, "మడత బాగా వేశారు" అని మెచ్చుకుంటుంది. రిటైరయ్యాక రెండు నెలలు ఇంట్లో కూర్చుంది. ఆ రెండు నెలల్లో మా ఇంట్లో పప్పుల డబ్బాలకు కూడా పెట్టెలు వచ్చాయి, ఆ పెట్టెలకు మళ్ళీ పెట్టెలు వచ్చాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి నేనే వీధి చివర లైబ్రరీకి తీసుకెళ్ళి, లైబ్రరీ మేడమ్‌ను బతిమాలి, కిందనున్న హాలు ఆదివారం పూట ఇప్పించాను. విరిగిన కుర్చీలు పడేసే హాలది. పిల్లలూ పెద్దలూ కలిసి వచ్చి చేతులతో ఏదైనా చేసి నేర్చుకునే చోటు కావాలని అక్క అడిగితే, మేడమ్ నవ్వి, "కుర్చీలు మీరే సర్దుకోవాలి" అంది.

మొదటి ఆదివారం జనం బాగానే వచ్చారు. గోళీలు పైనుంచి కిందికి దొర్లే దారి కట్టాలని అక్క తలా ఒక పెట్టె ఇచ్చింది. కాసేపటికి నేను నీళ్ళ బిందె నింపుకుని వచ్చి చూద్దును కదా, తండ్రులంతా నేల మీద బోర్లాపడి అట్టలు కోస్తున్నారు, తల్లులు టేపు అంటిస్తున్నారు. పిల్లలు గోడవారన వరసగా కూర్చుని తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. ఒక పిల్ల కత్తెర పట్టుకుంటే, వాళ్ళ నాన్న "ఇటివ్వు, నేను చేస్తాను" అని లాక్కున్నాడు. ఆ మాట విని అక్క ముఖంలో రంగు మారడం నేను చూశాను.

ఆ మాట మా ఇంట్లోదే. మా నాన్న వడ్రంగి. ఆయన చెయ్యి పడితే చెక్క చెప్పినట్టు వినేది. ఇంకొకరి చెయ్యి పడితే మాత్రం ఆయన ఓర్చుకోలేడు. అక్క చిన్నప్పుడు స్కూల్లో చేతిపనుల పోటీకని చెక్కబండి మొదలుపెట్టింది. ఒక చక్రం కోసిందో లేదో నాన్న వచ్చి "ఇటివ్వు, పాడుచేస్తున్నావు" అన్నాడు. బండి అద్భుతంగా వచ్చింది. మొదటి బహుమతి కూడా వచ్చింది, వెండి రంగు కప్పు. నాన్న దాన్ని అందరికీ కనపడేలా అలమరలో పెట్టాడు. అక్క రోజూ దాన్ని గోడవైపు తిప్పేది. నాన్న రోజూ ఇటు తిప్పేవాడు. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. నాన్న పోయాక కప్పు గోడవైపే ఉండిపోయింది. నేను దుమ్ము దులిపినప్పుడు కూడా అలాగే పెడతాను.

"నాన్న మంచివాడే. ఆయన చేతులే ఆగేవి కావు," అంటుంది అక్క ఎప్పుడైనా.

రెండో ఆదివారానికి అక్క ఒక పాత దుప్పటి చింపి పీలికలు చేసింది. హాల్లోకి వచ్చిన ప్రతి పెద్దమనిషినీ గుమ్మం దగ్గరే ఆపి, చేతులు వెనక్కి పెట్టించి, ఆ పీలికతో కట్టించింది. పిల్లల పని అయ్యేదాకా విప్పకూడదు. కట్టే ఉద్యోగం నాకు పడింది. వదులుగానే కడతాను, కాస్త లాగితే ఊడిపోతుంది. కానీ ఎవరూ లాగేవారు కాదు. మొదట నవ్వుకున్నారు, తర్వాత ముఖాలు చిన్నబోయాయి. తమ పిల్లలు అట్టను వంకరగా కోస్తుంటే కళ్ళప్పగించి చూడటమంటే మాటలా. పళ్ళ డాక్టరు వేళ్ళు వెనకాల తమంతట తామే కత్తెర ఆడిస్తూ ఉండేవి. బేకరీ ఆయన చూడలేక కళ్ళు మూసుకునేవాడు. లాయరమ్మ చేతులు కట్టినా గడ్డంతో చూపిస్తూ "అక్కడ, కాదు, ఆ పక్కన" అంటూ వాదన వినిపించేది.

"నోటికి కూడా ఒకటి కడదామా?" అని అక్క చెవిలో అడిగాను.

అక్క కాస్త ఆలోచించి, "మొదటి నెలలోనే వద్దులే," అంది.

ఇంకో అలవాటు కూడా అక్కదే. ఏది కూలినా అందరూ చప్పట్లు కొట్టాలి. మొదట్లో కూలితే పిల్లలు ఏడ్చేవారు. అక్క చప్పట్లు కొట్టి, "భలే కూలింది, ముందు ఎక్కడ విరిగిందో ఎవరు చూశారు?" అని అడిగేది. ఏడుపు ఆపి అందరూ విరిగిన చోటు వెతికేవారు. అలా అలా చప్పట్లు హాలుకు అంటుకుపోయాయి. కాగితపు పడవ మునిగితే చప్పట్లు, అట్ట గడియారం ఆగిపోతే చప్పట్లు. చేతులు కట్టిన పెద్దలకు మాత్రం ఆ భాగ్యం లేదు.

ఆ చప్పట్ల దగ్గరే ఇరుక్కున్నాం. ఆ ఆదివారం కమిటీ అధ్యక్షుడుగారు ఏదో పైపు కారుతోందని చూడటానికి కిందికి దిగేసరికి, పిల్లలు కట్టిన ఎత్తైన గోపురమొకటి ఆయన కళ్ళ ముందే కూలింది. పిల్లలంతా గంతులేసి చప్పట్లు కొట్టారు. ఆయన గుడ్లు మిటకరించి చూశాడు. చెడ్డ మనిషేం కాదు. చొక్కాకు పై గుండీ కూడా పెట్టుకునే రకం, అంతే.

"కూలిపోతే చప్పట్లేమిటమ్మా?" అన్నాడు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. పరీక్షలకు తర్ఫీదు ఇచ్చే వాళ్ళెవరో ఆదివారాలు ఈ హాలు అడుగుతున్నారట. "వాళ్ళ దగ్గర ఫలితం కంటికి కనపడుతుందమ్మా. ఇక్కడ చూస్తే... ఏమనుకోకండి, చెత్త తప్ప ఏమీ కనపడటం లేదు. వచ్చే ఆదివారం లైబ్రరీకి ఊరందరినీ పిలుస్తున్నాం కదా, ఆ రోజే తేల్చేయాలి."

పిల్లల ముందు చెత్త అనేసరికి అక్క నోరు జారింది. ఆ పిల్లలు కట్టిన వంతెన మీద అందరి ఎదుటా నడుస్తానంది. నడవలేకపోతే తాళం చెవి ఇచ్చేస్తానంది. ఇంటికొచ్చి పెట్టె మడిచింది.

ఆ వారమంతా బడి వదలగానే పిల్లలు నేరుగా హాలుకే వచ్చేవారు. పాత చెక్క వేదికలు రెండు తెచ్చి మోకాలెత్తున ఎదురెదురుగా నిలిపారు. మధ్యలో అక్క అంగలు నాలుగు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ మీద వంతెన కట్టాలి. అక్క తన వీపు వెనక తన చేతులు తనే పట్టుకుని అటూ ఇటూ తిరిగేది. పిల్లలకు ఆమె అట్టమ్మమ్మ. వాళ్ళు ఏం అడిగినా ఒకటే జవాబు.

"అట్టమ్మమ్మా, ఇలా పెడితే నిలుస్తుందా?"

"ఏమో నాకేం తెలుసు. పెట్టి చూడు."

అబద్ధం. అట్ట గురించి ఆమెకు తెలియంది లేదు. రాత్రి అన్నం తింటూ నా ముందు పళ్ళు నూరేది. "అడ్డంగా పెడుతున్నారే చెల్లీ. ఒక్క మాట చెబితే చాలు. నాలిక కరుచుకుని కూర్చున్నాను."

"చెప్పొచ్చు కదా మరి. హాలు పోతుంది."

"చెబితే హాలు ఉంటుంది. నేనెందుకుంటాను అందులో?"

మొదటి వంతెన మీద పిల్లలు లైబ్రరీలోని లావుపాటి నిఘంటువులు పేర్చారు. మూడో పుస్తకానికే నడుం వాల్చింది. చప్పట్లు. రెండోది ఇంకాస్త ఓర్చింది. చప్పట్లు. నిఘంటువులు నేలపాలైనప్పుడల్లా పైనుంచి మేడమ్ పరుగెత్తుకొచ్చేది. మూడోది కూలినప్పుడు బేకరీ ఆయన కూతురు విరిగిన అట్టను చీల్చి లోపలికి చూసింది. ఆ పిల్ల ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని అందరూ ఆమెను ఎందుకమ్మ అనే పిలుస్తారు. అట్ట లోపల సన్నటి అలల్లాంటి మడతలుంటాయి. "ఇది పడుకుంటే వంగుతోంది, నిలబెడితే వంగడం లేదు, ఎందుకు?" అని తనే అడుక్కుని, సమాధానం కోసం ఆగకుండా పొడవాటి అట్టపట్టీలను అంచు మీద నిలబెట్టింది. నిలబెట్టిన పట్టీలు పక్కకు పడిపోతుంటే మరో పిల్లాడు ముక్కోణాలుగా మడిచిన అట్టలు వాటి మధ్య ఇరికించాడు. ఆ ముక్కోణాల కొసలు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి, ఎగుడుదిగుడు పళ్ళ వరసలాగా. ఆ వంతెన మీద మేడమ్ దగ్గరున్న నిఘంటువులన్నీ పెట్టారు. కదల్లేదు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కూలితే ఏం చేయాలో వాళ్ళకు తెలుసు. నిలబడితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. కాసేపు ఊరికే నిలబడి, పుస్తకాలు పైకి మోసుకెళ్ళారు.

నిజం చెప్పాలంటే వంతెన చూడటానికి వికారంగా ఉంది. ఎక్కడ చూసినా టేపు. ఒక పెట్టె మీద సబ్బుల బొమ్మ, ఇంకోదాని మీద తలకిందులుగా చెప్పుల బొమ్మ. శనివారం సాయంత్రం దాన్ని చూసి అక్క చాలా సేపు మాట్లాడలేదు. కోపం కాదు. కళ్ళు మెరుస్తున్నాయి. మోకాలు నొప్పిగా ఉందని నన్ను పట్టుకుని ఇంటికి నడిచింది. వెనకాల పళ్ళ డాక్టరు, లాయరమ్మ, బేకరీ ఆయన ఉండిపోయారు. "మీరు వెళ్ళండి పిన్నిగారూ, మేం ఊడ్చి తాళం వేస్తాం," అంది లాయరమ్మ. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను.

మంచివాళ్ళే. అదే వచ్చిన తంటా.

ఆదివారం పొద్దున హాలు తలుపు తీసేసరికి రంగు వాసన గుప్పుమంది. పిల్లలు మా వెనకాల తోసుకుంటూ లోపలికొచ్చి, ఉన్నచోటే ఆగిపోయారు. వంతెన నీలంగా మెరిసిపోతోంది. పక్కలంతా తెల్లని పూలు. సబ్బుల బొమ్మ లేదు, చెప్పుల బొమ్మ లేదు, పొడుచుకొచ్చిన పళ్ళూ లేవు. మధ్యలో మాత్రం పాత నవారు మంచంలాగా కుంగిపోయింది. నీళ్ళ రంగు పొరల మీద పొరలుగా పూసేసరికి అట్ట రాత్రికి రాత్రే నాని మెత్తబడిపోయింది.

ముగ్గురూ తలుపు పక్కనే నిలబడ్డారు. పొగడ్తల కోసం తయారై వచ్చిన ముఖాలు కాస్తా పాలిపోయాయి.

అక్క వంతెన చుట్టూ ఒకసారి తిరిగింది. "ఈ పూలెవరు వేశారు?"

"నేనేనండీ," అంది లాయరమ్మ గొంతు తగ్గించి.

"బాగున్నాయి. పక్కన ముక్కోణాలుండాలి, అవి?"

పళ్ళ డాక్టరు నీళ్ళు నమిలాడు. "చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నాయని... అంచు సమానంగా కోసేశానండీ. అధ్యక్షుడుగారు వచ్చేసరికి కంటికింపుగా ఉంటే హాలు మీకే ఇస్తారని."

"అవునులే బాబూ. ఎక్కడ పళ్ళు కనపడినా నీ చెయ్యి ఊరుకోదు."

ఎవరూ నవ్వలేదు. ఎందుకమ్మ వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఎందుకు కోశారు నాన్నా?"

"వంకరగా ఉన్నాయని, తల్లీ."

"అవి ఎంత బరువు మోశాయో అడగొచ్చు కదా."

బేకరీ ఆయన తల దించుకున్నాడు. చిన్నపిల్లలు ఇద్దరు ముగ్గురు ఏడుపు మొదలుపెట్టారు. నాకైతే ఆ ముగ్గురినీ అక్కడికక్కడే కడిగేద్దామన్నంత కోపం వచ్చింది. చేతులు కట్టి ఇన్నాళ్ళు నిలబెట్టింది ఇందుకా? నోరు తెరవబోయాను. ఇంతలో కుంగిన వంతెన ఒక చిన్న మూలుగు మూలిగి, మధ్యకు విరిగి, పూలతో సహా నేల మీద పడింది.

అప్పుడు మా అక్క చప్పట్లు కొట్టింది.

గట్టిగా, మోచేతుల దాకా ఊపి కొట్టింది. ముందు ఎందుకమ్మ అందుకుంది. తర్వాత ముక్కోణాల పిల్లాడు. ఏడుస్తున్నవాళ్ళు ముక్కు తుడుచుకుంటూ కొట్టారు. చప్పట్లు ఆగాక అక్క అడిగింది, "ముందు ఎక్కడ విరిగిందో ఎవరు చూశారు?"

నాలుగు వేళ్ళు ఒకేసారి లేచాయి.

"అయితే ఇంకేం. పదకొండింటికి ఆయనొస్తారు. మీకు వారం పట్టింది తెలుసుకోవడానికి, కట్టడానికి కాదు."

"అట్టలు లేవుగా," అన్నారు పిల్లలు.

పళ్ళ డాక్టరు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. "అమ్మగారూ, తప్పు మాది. మేం ముగ్గురం పడితే అరగంటలో..."

"మీకు పని ఉంది," అంది అక్క. "పరుగెత్తి పెట్టెలు తీసుకురండి. తెచ్చి కింద పెట్టి, నేరుగా మా చెల్లెలి దగ్గరికి వెళ్ళండి."

ఆ పరుగు చూడాలి మీరు. లాయరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మందుల షాపు వైపు పరుగెత్తింది. బేకరీ ఆయన తన కొట్లో ఉన్న పెట్టెలన్నీ బోర్లించి, కేకులు బల్ల మీద వదిలేసి, నెత్తిన ఎత్తుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు ఫ్రిజ్‌ల షాపువాడిని నిద్ర లేపి షట్టర్ తీయించి, తన కంటే ఎత్తైన పెట్టె ఒకటి ఈడ్చుకుంటూ వచ్చాడు. అక్క దాని అంచు తడిమి చూసింది. అడుగున ముద్ర చూసి, "ఇది మా ఫ్యాక్టరీదే," అని మాత్రం అంది. ఆ పెట్టెను తన చేత్తో ఒక్క మడత విప్పలేదు. పిల్లల ముందుకు తోసేసి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

వచ్చిన పెద్దలను వచ్చినట్టే కట్టేశాను. ఆ రోజు ఊరందరినీ పిలిచారు కదా, కొత్తవాళ్ళూ దిగారు. పీలికలు చాలక తువ్వాలు చింపాను. గోడ పొడవునా పెద్దలంతా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు, నేల మీద పిల్లలు కొలుస్తున్నారు, కోస్తున్నారు, పోట్లాడుకుంటున్నారు. ఒక తల్లి ఉండబట్టలేక "అయ్యో, అటు కాదు" అనబోతే, పక్కనున్న లాయరమ్మ "ష్" అంది. లాయరమ్మ నోట ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు.

పదకొండింటికి అధ్యక్షుడుగారు పై గుండీతో సహా దిగారు. వెంట మనవరాలు. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేలంతా అట్టముక్కలు, ఒక మూల నీలంరంగు శవంలా పాత వంతెన, గోడవారన ఊళ్ళోని పెద్దమనుషులంతా కట్టేసిన చేతులతో.

"ఏమిటమ్మా ఇదంతా?"

"కడుతున్నారండి," అంది అక్క.

"ఇంకా కట్టలేదా?"

"నిన్న కట్టారు. పెద్దవాళ్ళు బాగుచేశారు."

ఆయనకు అర్థం కాలేదు. ఈలోపు మనవరాలు ఆయన వేలు వదిలించుకుని వెళ్ళి పిల్లల్లో కలిసిపోయింది. ఎందుకమ్మ ఆ పిల్ల చేతికి టేపు చుట్ట ఇచ్చి, ముక్కోణం అంచు పట్టుకోమంది. టేపు కొస దొరక్క ఆ పిల్ల గోళ్ళతో గీకుతోంది. అధ్యక్షుడుగారు రెండడుగులు ముందుకేసి, వంగి, చెయ్యి చాచి, "ఇటివ్వమ్మా, నేను..."

మిగతా మాట పూర్తికాకముందే ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకుని కట్టేశాను. అధ్యక్షుడని జంకలేదు. అంతమందిని కట్టిన చేతులకు అలవాటైపోయింది. ఆయన ఎర్రబడిన ముఖంతో గోడ వైపు చూశాడు. అక్కడ తనకు తెలిసిన పెద్దమనుషులంతా అదే అవతారంలో ఉన్నారు. పళ్ళ డాక్టరు పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆయన వెళ్ళి నిలబడ్డాడు. మనవరాలు ఎంతసేపటికో టేపు కొస పట్టింది. పైకెత్తి తాతకు చూపించింది. ఆయన ముఖం మీద వచ్చిన నవ్వు నేను చూశాను. దాన్ని దాచుకోవడానికి చేతులు లేవు ఆయనకు.

కట్టడం అయిపోయింది. ఈసారి వంతెన ఇంకా వికారంగా ఉంది, మందుల బొమ్మలు, కేకుల బొమ్మలు, రెండు పక్కలా పొడవాటి పళ్ళు. పిల్లలు నిఘంటువులు పేర్చారు. నిలిచింది. తీసేశారు. అందరూ అక్క వైపు తిరిగారు.

అక్క చెప్పులు విప్పింది. తాళం చెవి కొంగు ముడిలోంచి తీసి ఎందుకమ్మ చేతిలో పెట్టింది. "నేను పడితే ఇది ఆ తాతగారికి ఇచ్చెయ్. ఏడవకూడదు. ముందు ఎక్కడ విరిగిందో చూడాలి."

పుస్తకాలు వేరు, మా అక్క వేరు. పైగా ఆ మోకాలు. హాలు పోతే పోయింది, కాలు విరిగితే ఈ వయసులో ఎవరు చూస్తారు? పరుగున వెళ్ళి పక్కన నిలబడి, "అక్కా, చెయ్యి ఇటివ్వు, నేను పట్టుకుంటాను," అన్నాను.

అక్క నా వంక చూసింది. నా చేతులను ఎవరో వెనక్కి లాగారు. తిరిగి చూస్తే ఎందుకమ్మ. నా భుజం మీదున్న పీలికే తీసుకుని, నాలిక కొస బయటపెట్టి, నా చేతులు కడుతోంది. నేను కట్టినట్టు వదులుగా కాదు, గట్టిగా కట్టింది.

అక్క వేదిక ఎక్కింది. వంతెన మీద కుడికాలు పెట్టింది. అట్ట కిర్రుమంది. ఎడమకాలు ఎత్తి, ముందుకు వేసింది. వంతెన ఆమె బరువంతా మోసింది. రెండో అంగ. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి ఎక్కడో టప్పుమని చప్పుడైంది. అక్క ఆగిపోయింది. కింద ముక్కోణాల పిల్లాడు పాకుతూ వెళ్ళి తొంగిచూసి, "టేపు ఒకటి ఊడింది అట్టమ్మమ్మా. అంతే," అన్నాడు.

అక్క కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, అంత ఎత్తు నుంచి హాలంతా కలియజూసింది. తర్వాత నాతో, "ఏమే, టీ పెట్టావా?" అంది.

"ముందు దిగు అక్కా," అన్నాను ఏడుపు గొంతుతో.

"తొందరేముంది. ఇక్కడ బాగానే ఉంది."

అలాగే కాసేపు నిలబడింది. మా అక్క ముఖం అంత వెలగడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత మూడో అంగ, నాలుగో అంగ వేసి, అవతలి వేదిక మీద అడుగుపెట్టింది.

చప్పుడు లేదు. పిల్లలకు మళ్ళీ అదే చిక్కు వచ్చిపడింది. చప్పట్లు కూలినప్పటివి, ఇది కూలలేదు. పెద్దలకేమో చేతులు లేవు. అప్పుడు గోడ దగ్గర బేకరీ ఆయన కాలితో నేల మీద ఒక్కటి దబ్బున తన్నాడు. పక్కన లాయరమ్మ. ఆ పక్కన పళ్ళ డాక్టరు. క్షణంలో గోడ పొడవునా పెద్దలంతా కాళ్ళతో నేల దంచుతున్నారు. పిల్లలు అది చూసి గంతులేశారు. పైనుంచి మేడమ్, లైబ్రరీ కూలిపోతోందేమోనని హడలిపోయి కిందికి పరుగెత్తుకొచ్చింది. పాలిష్ చేసిన బూట్లు రెండు అందరికంటే గట్టిగా మోగుతున్నాయి. అవి ఎవరివో చెప్పక్కర్లేదు.

సద్దుమణిగాక ఎందుకమ్మ తాళం చెవి పట్టుకుని అధ్యక్షుడుగారి ముందు నిలబడింది. "తాతగారూ, ఇది ఎవరికివ్వాలి?"

"మీ అట్టమ్మమ్మకే ఇచ్చెయ్యమ్మా," అన్నాడాయన. "ఆదివారాలన్నీ ఆవిడవే. నేను తీసుకుందామన్నా చేతులెక్కడున్నాయి నాకు." తర్వాత అక్కతో, "వచ్చే వారం మనవరాలితో వస్తానమ్మా. నన్ను ముందే కట్టేయండి. లేకపోతే ఆగలేను," అన్నాడు.

అక్క ఆ చెవి కొంగున ముడేసుకుని, పిల్లల మధ్య నేల మీద చతికిలబడింది. ముక్కోణాల పిల్లాడు ఊడిన టేపు చూపిస్తున్నాడు. ఎందుకమ్మ ఆమె ఒళ్ళో తల పెట్టి ఎందుకు ఊడిందో అడుగుతోంది. అక్క "ఏమో, నాకేం తెలుసు" అంటోంది. నాన్న అలమరలో పెట్టిన కప్పు గుర్తొచ్చింది నాకు. ఇన్నేళ్ళకు మా అక్క ముందు, ఎవరూ లాక్కోని, ఎవరూ సరిచేయని పని ఒకటి నిలబడి ఉంది.

నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న పిల్లాడిని కట్టు విప్పమన్నాను. వాడు వెళ్ళి ఎందుకమ్మను అడిగి వచ్చి, "పిల్లల పని ఇంకా అయిపోలేదట చిన్నమ్మమ్మా," అన్నాడు. సరేనని గోడకు ఆనుకుని నిలబడ్డాను, కళ్ళు తుడుచుకోవడానికి చేతులు లేకుండా.